పాలపన్ను పీకించాలా, ఆగాలా: 1743 నుంచి సాగుతున్న వాదం

ఆరేడేళ్ల పిల్లల కింది వరుసలో పాలపన్ను ఇంకా ఊడకముందే దాని వెనక, నాలుక వైపున, రంపపు అంచుతో కొత్త పన్ను మొలవడం తరచూ చూసేదే. పన్ను ఊడితే పేడలో పెట్టి ఇంటి కప్పు మీద వేయించే పెద్దలు కూడా ఈ రెండో వరుసను చూసేసరికి కంగారుపడి, పాలపన్ను పీకించేస్తే సరిపోతుందంటారు. ఆ మాటకు దాదాపు 280 ఏళ్ల చరిత్ర ఉంది.

శాశ్వత దంతాలు సవ్యంగా కుదురుకోవడానికి పాలపళ్లను ముందుగా తీయవచ్చని 1743లోనే ఫ్రెంచి దంతవైద్యుడు రోబేర్ బ్యునో రాశారు. అయితే దవడ ప్రధానంగా వెనక వైపుకే పెరుగుతుందని, పాలపళ్లున్న ముందు భాగం పెద్దగా పెరగదని లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1771లో ప్రచురించిన గ్రంథంలో వివరించారు. చిక్కంతా ఇక్కడే ఉంది: రాబోయే ముందు పళ్లు పాలపళ్ల కంటే వెడల్పు, వాటికి దొరికే చోటు మాత్రం దాదాపు అంతే. కాబట్టి పాలపన్ను తీసినంత మాత్రాన దవడలో కొత్తగా చోటు పుట్టదు. పక్క పన్ను చోటును అరువు తెచ్చుకున్నట్టే అవుతుంది.

ఈ అరువును ఒక క్రమంలో పెట్టినవారు స్వీడన్‌కు చెందిన దంతవైద్యుడు షెల్‌గ్రెన్. 1929లో ఆయన దీనికి 'సీరియల్ ఎక్స్‌ట్రాక్షన్' (వరుసగా పళ్లు తీయడం) అని పేరు పెట్టారు. పళ్లు పీకడమే చికిత్స అన్నట్టు వినిపించే ఆ పేరు స్విట్జర్లాండ్ వైద్యుడు హోట్జ్‌కు నచ్చలేదు. సాధారణంగా అనుసరించే వరుసలో ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో పాల కోరపళ్లు తీస్తారు, ముందు పళ్లు సర్దుకుంటాయి. మరో ఏడాదికి వాటి వెనకనున్న మొదటి పాల దవడ పళ్లు తీస్తారు. చివరికి వాటి స్థానంలో వచ్చిన శాశ్వత దంతాలనే నాలుగింటిని తీసి, కోరపళ్లకు చోటిస్తారు. అంటే ఆ అరువు తీరేది ఆరోగ్యమైన నాలుగు శాశ్వత దంతాలతో. అందుకే పళ్ల ఇరుకు పది మిల్లీమీటర్లకు అటూఇటూ ఉండి, దవడల పొందిక బాగున్న పిల్లలకే దీన్ని పరిమితం చేస్తారు. ఆ తరువాత కూడా చాలామందికి క్లిప్పులు తప్పవు.

అమెరికాలో పళ్ల వరుస సరిచేసే వైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ ఏ శాశ్వత దంతాన్నీ తీయకూడదని పట్టుబట్టారు. ఆయన శిష్యుడు ఛార్లెస్ ట్వీడ్ మాత్రం తన చికిత్సలు నిలవకపోవడం చూసి, 1940ల నాటికి పళ్లు తీసే పక్షానికి మారారు.

పై కోరపన్ను అంగిలి వైపు దారి తప్పినప్పుడు పాల కోరపన్ను తీయడం వేరే సంగతి. 1988లో ఎరిక్సన్, కురోల్ ప్రచురించిన పరిశీలనలో ఇలాంటి 46 కోరపళ్లలో 36 సరైన దారిలోకి వచ్చాయి; పోల్చి చూసేందుకు పన్ను తీయని పిల్లల బృందం అందులో లేదు కాబట్టి ఆ లెక్కను కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి.

అసలు తొందరపడి పీకించకూడనివి వెనకనున్న పాల దవడ పళ్లు. పుచ్చిపోయాయని ముందే తీసేస్తే, ఆరేళ్లకు వచ్చిన పెద్ద దవడ పన్ను ముందుకు జరిగి ఆ ఖాళీని ఆక్రమిస్తుంది. అందుకే వైద్యులు అక్కడ తీగ కట్టుతో చోటు కాపాడతారు. ఇక కింది రెండో వరుస విషయానికొస్తే, పాలపన్ను కదులుతుంటే వేచి చూడవచ్చు: అది ఊడాక నాలుకే కొత్త పన్నును మెల్లగా ముందుకు నెడుతుంది. వారాలు గడిచినా పాలపన్ను కదలకపోతేనే ఎక్స్‌రేలో వేరు కరిగిందో లేదో చూసి, తీయాలో వద్దో నిర్ణయిస్తారు.