ఫాసిజానికి తలుపు తీసిందెవరు?

1919 నవంబరు ఎన్నికల్లో మిలన్‌లో నిలబడ్డ ఫాసిస్టు నాయకుడు ముస్సోలినీకి 5,000 ఓట్లు కూడా రాలేదు. సోషలిస్టులు ఆయన పేరిట ఉత్తుత్తి శవయాత్ర తీశారు. మూడేళ్లు తిరక్కుండానే ఆయన ఇటలీ ప్రధాని అయ్యాడు. అదెలా సాధ్యమైందన్నది చరిత్రకారుల మధ్య ఇప్పటికీ తెగని వాదన.

ఇటలీ తత్వవేత్త, సెనేటర్ క్రోచే దృష్టిలో ఫాసిజం ఆరోగ్యంగా ఉన్న ఇటలీకి నడుమ తగులుకున్న జబ్బు. యువ పాత్రికేయుడు గొబెత్తి ఒప్పుకోలేదు. ఇది మన జాతి ఆత్మకథే అన్నాడు. ఫాసిస్టుల చేతుల్లో దెబ్బలు తిని, 1926లో 24 ఏళ్లకే పారిస్‌లో కన్నుమూశాడు. క్రోచే మాట నాకు మింగుడుపడదు. 1924లో సోషలిస్టు ఎంపీ మత్తెయొత్తిని ఫాసిస్టులు చంపిన తర్వాత కూడా ఆయన సెనేట్‌లో ముస్సోలినీ ప్రభుత్వానికే ఓటేశాడు, మరుసటి ఏడాది గానీ ఎదురు తిరగలేదు. జబ్బు అనేస్తే దాన్ని ఇంట్లోకి రానిచ్చినవాళ్ల ఊసే ఉండదు.

ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల కూటమి కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ ఫాసిజాన్ని ద్రవ్య పెట్టుబడి, అంటే బడా బ్యాంకులు, పరిశ్రమల సొమ్ము, నియంతృత్వమంది. చరిత్రకారుడు రెంజో దె ఫెలిచే మాత్రం అందులో పైకెదుగుతున్న మధ్యతరగతి ఉద్యమాన్ని చూశాడు. జాతి పునర్జన్మ అనే కలే దీని ప్రాణమన్నాడు మరో చరిత్రకారుడు రోజర్ గ్రిఫిన్. ఎవరి మాటలోనూ నిజం లేకపోలేదు. కానీ ఫాసిస్టులు ఏం చెప్పారన్నది కాదు, ఏం చేశారో చూడమన్న చరిత్రకారుడు రాబర్ట్ పాక్స్టన్ దారే నాకు సరైనదనిపిస్తుంది.

ఆ దారిన వెళ్తే ఉత్తర ఇటలీలోని పో నది మైదానాల్లో తేలతాం. అక్కడ ఎవరికి పని ఇవ్వాలి, ఎంత కూలి కట్టాలి అన్నది సోషలిస్టు కూలి సంఘాలు తేల్చేవి. 1920 సమ్మెలతో భూస్వాములు బెంబేలెత్తారు. ఫాసిస్టుల నల్లచొక్కా దళాలకు డబ్బిచ్చారు. ఆ దళాలు లారీల్లో వచ్చి సంఘాల కార్యాలయాలు తగలబెట్టేవి, నాయకులను చితకబాది బలవంతంగా ఆముదం తాగించేవి. పోలీసులు చాలాచోట్ల చూస్తూ ఊరుకున్నారు. మిలన్‌లో ఓట్లు రాని ఉద్యమానికి ఫెరారా, బొలోన్యా పల్లెల్లో బలం దొరికింది ఇలాగే. 1921లో ప్రధాని జొలిత్తి ఫాసిస్టులను తన ఎన్నికల కూటమిలో చేర్చుకున్నాడు. అయినా పార్లమెంటుకు వెళ్లింది 35 మందే.

1922 అక్టోబరు 28న నల్లచొక్కాలు రోమ్ మీదికి బయల్దేరితే, ప్రధాని ఫాక్తా సైనిక శాసనం ఉత్తర్వు సిద్ధం చేశాడు. రాజు విక్టర్ ఇమాన్యుయేల్ సంతకం పెట్టలేదు, పైగా ప్రభుత్వం ఏర్పాటు చేయమని ముస్సోలినీకి కబురంపాడు. ఆయన రాత్రి రైలెక్కి మిలన్ నుంచి రోమ్ చేరాడు.