సినిమాలకు రేటింగ్ ఇస్తే డబ్బులిస్తారట కదా సార్? – ఒక రివ్యూవర్ రాసిన అపోహలు, వాస్తవాలు

పన్నెండేళ్లుగా శుక్రవారం పొద్దున్నే సినిమా చూడటం, మధ్యాహ్నంలోపు రివ్యూ రాయడం, చివర ఐదుకు ఇంత అని ఒక అంకె వేయడం నా పని. ఆ అంకెకు తిట్లు తినడం కూడా ఉద్యోగంలో భాగమే, దానికి వేరే జీతం ఉండదు. నాకొచ్చే మెసేజ్‌లు రెండు రకాలు. ఒకటి పాతది: "మా హీరో సినిమాకి రెండున్నరా? అవతలి వాళ్ల దగ్గర ఎంత తీసుకున్నావ్?" రెండోది ఈ మధ్య కొన్నేళ్లుగా మొదలైంది: "సార్, సినిమాలకు రేటింగ్ ఇచ్చే పార్ట్ టైమ్ జాబ్ వచ్చింది. మీరు ఈ ఫీల్డే కదా, నిజమేనా?"

మొదటి రకానికి జవాబివ్వడం ఎప్పుడో మానేశాను. రెండో రకానికి ఒక్కొక్కరికీ విడిగా రాసి రాసి విసుగొచ్చి ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను. ఈ రెండు మెసేజ్‌లకూ సంబంధం ఉందని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. రేటింగులన్నీ కొనుక్కునేవే అని ఏళ్ల తరబడి నమ్మినవాడికి, "నీ రేటింగ్ మేం కొంటాం" అని ఎవడో మెసేజ్ పెడితే అనుమానం రాదు. మన వంతు ఇప్పుడొచ్చింది అనుకుంటాడు.

అపోహ: నిర్మాతలు రేటింగులకు డబ్బులు పోస్తారు, కాబట్టి ఫోన్లో స్టార్లు నొక్కితే మనకూ ఇస్తారు

ఇవ్వరు. ఎవ్వరూ ఇవ్వరు.

ముందు ఆ మెసేజ్ సంగతి చూద్దాం, అందరికీ దాదాపు ఒకేలా వస్తోంది. వాట్సాప్‌లో తెలియని నంబరు. ఏదో డిజిటల్ మీడియా కంపెనీ హెచ్ఆర్‌ని అంటూ చాలాసార్లు ఒక అమ్మాయి పేరు. రోజుకు అరగంట పని, కొత్త సినిమాలకు ఐదు స్టార్లు కొట్టి స్క్రీన్‌షాట్ పంపాలి, ఒక్కోదానికి 50 రూపాయలు. మూడు పంపగానే 150 నిజంగానే అకౌంట్లో పడతాయి. మనిషి పడిపోయేదీ అక్కడే. "మోసమైతే ముందు డబ్బులెందుకు వేస్తారు సార్?" అని నన్నే ఎదురు అడుగుతారు. ఎర లేకుండా గాలం వేసేవాడిని మీరెక్కడైనా చూశారా?

తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. అక్కడ పొద్దస్తమానం "ఈరోజు 8,400 విత్‌డ్రా అయింది, థాంక్యూ మేడమ్" అని స్క్రీన్‌షాట్లు. ఆ థాంక్యూలు చెప్పేది చాలావరకు వాళ్ల మనుషులే. ఆపైన ఒక వెబ్‌సైట్ లింకు ఇస్తారు. చూడ్డానికి అసలు రేటింగ్ సైటు లాగే ఉంటుంది, పోస్టర్లు కూడా నిజం సినిమాలవే. ఇక "ప్రీపెయిడ్ టాస్క్" మొదలవుతుంది. వెయ్యి కడితే 1,300 వస్తాయి. మొదటిసారి వస్తాయి కూడా. ఐదు వేలు, పదివేలు కడుతూ పోతే బ్యాలెన్స్ పెరుగుతూ ఉంటుంది, అయితే మీ బ్యాంకులో కాదు, వాళ్ల సైటులో. తీసుకోబోయేసరికి "టాస్క్ మధ్యలో తప్పు చేశారు, మీవల్ల గ్రూపు మొత్తం ఆగిపోయింది, 30,000 కడితే సరిచేస్తాం" అంటారు. కడితే "మీ స్కోరు తగ్గింది" అంటారు. అదీ కడితే "విత్‌డ్రా చేయాలంటే ముందు ట్యాక్స్ కట్టాలి" అంటారు.

ట్యాక్స్ మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. నాకొచ్చే నాలుగు రాళ్లలో టీడీఎస్ అని ట్యాక్స్ ముందే కోసుకునే ఇస్తారు. ముందు నువ్వు మాకు ట్యాక్స్ కట్టు, తర్వాత నీ డబ్బు తీసుకో అని ఈ పన్నెండేళ్లలో నన్నెవరూ అడగలేదు. మిమ్మల్ని అడిగినా అది ప్రభుత్వానికి చేరే ట్యాక్స్ కాదు.

"అయితే పెయిడ్ రివ్యూలు లేవంటారా?" అంటారు. ఉన్నాయి, దాచి ఏం లాభం. రిలీజ్ రోజు పొద్దున్నే "ఇంటర్వెల్ బ్లాక్ గూస్‌బంప్స్, సెకండాఫ్ పైసా వసూల్" అని ఒకే వాక్యం, అచ్చుతప్పుతో సహా, ఇరవై అకౌంట్లలో కనపడుతుంది చూడండి, అది ఎవరో రాసి పంపిందే. ఆ డబ్బు పోయేది లక్షల మంది ఫాలోవర్లున్న పేజీలకు. వాళ్లు కొనేది ఆ లక్షల కళ్లను, అభిప్రాయాన్ని కాదు. నలభై మంది ఫాలోవర్లున్న మనతో వాళ్లకు పనేముంది? ఇక ఓట్ల సంగతి. రిలీజ్ రోజు రాత్రంతా మేలుకుని, స్నేహితుల ఫోన్లు కూడా లాక్కుని పదికి పది కొట్టే అభిమానులు ప్రతి హీరోకీ ఉన్నారు. అవతలి హీరో సినిమాకు ఒకటి కొట్టేవాళ్లూ వాళ్లే. ఇదంతా పైసా తీసుకోకుండా చేస్తారు. ఉచితంగా దొరికేదానికి ఒక్కో నొక్కుకు 50 రూపాయలు ఇచ్చే నిర్మాత మన ఇండస్ట్రీలో ఉంటే, ముందు నేను వెళ్లి ఆయన కాళ్ల మీద పడేవాడిని.

నా సంగతి చెబుతాను. నా మొదటి రివ్యూకు ముట్టింది 250 రూపాయలు. అదీ మూడు నెలలకు, ఆ పత్రిక ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగితే. టికెట్టు, క్యాంటీన్ సమోసా, బస్సు చార్జీ తీసేస్తే మిగిలింది చెబితే నవ్వుతారు. రెండున్నర గంటలు కూర్చుని, ఎనిమిది వందల మాటలు రాసి, ఎడిటర్‌తో రెండుసార్లు తిట్లు తిన్న పనికి అది ధర. ఒక్కో స్టార్ నొక్కుడుకు 50 రూపాయలు ఎలా వస్తాయో మీరే లెక్క వేసుకోండి.

తాడేపల్లిగూడెం నుంచి ఒక కుర్రాడు మూడేళ్లుగా నాకు మెసేజ్‌లు పెట్టేవాడు. బీటెక్ అయిపోయింది, ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. నా ప్రతి రేటింగుతో గొడవే. కానీ గొడవలో విషయం ఉండేది. ఒకసారి నేను ఎడిటింగ్ బాగాలేదని రాస్తే, "కాదన్నా, సీన్ ఆర్డరే తప్పు, ఆ ఫ్లాష్‌బ్యాక్ పది నిమిషాలు ముందు రావాల్సింది" అన్నాడు. మళ్లీ చూస్తే వాడు చెప్పిందే నిజం. ఒక శుక్రవారం పొద్దున 8:45 షోకి పరుగెడుతుంటే ఫోన్ చేశాడు. "అన్నా, నాకూ మీ పనే వచ్చింది. రేటింగులు ఇవ్వాలంట, ఇంటి నుంచే." నేను స్కూటీ స్టాండ్ వేస్తూ "మంచిది తమ్ముడూ, కష్టపడు" అని పెట్టేశాను. ఏ కంపెనీ, ఎంతిస్తారు, ఒక్క ప్రశ్న అడగలేదు. టైటిల్స్ మిస్సవుతాయని నా తొందర.

పదకొండు రోజుల తర్వాత రాత్రి ఒంటిగంటకు మళ్లీ ఫోన్. మాట సరిగ్గా రావడం లేదు. 86,000 పోయాయి. అందులో సగం వాళ్ల నాన్న కౌలు కట్టడానికి దాచిన డబ్బు. "ఇంకో 22,000 కడితే మొత్తం వెనక్కి ఇస్తామంటున్నారన్నా, ఎవరినైనా అడగాలి" అన్నాడు. అసలు వాడు ఫోన్ చేసింది ఆ 22,000 అప్పు కోసం. ఇవ్వలేదు. ఆ రాత్రే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. ఇలా పోగొట్టుకున్నవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. నాకు రాసినవాళ్లలో ఒక లెక్చరర్ ఉన్నారు, ఒక నర్సు ఉన్నారు, బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఇంట్లో తెలిస్తే తిడతారని నోరు మూసుకుని కూర్చోవద్దు, మీరు ఆగే ప్రతి గంటా వాళ్లకే లాభం. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు, అక్కడి నుంచి మరో నాలుగింటికి పరుగెడుతూ ఉంటుంది. 1930కి చేస్తే ఆ దారిలో ఎక్కడ ఇంకా మిగిలి ఉంటే అక్కడ ఆపమని బ్యాంకులకు సమాచారం వెళుతుంది. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. ప్రతి లావాదేవీకీ యూటీఆర్ నంబరు (బ్యాంకు దానికిచ్చే గుర్తింపు నంబరు), తేదీ, ఎంత అన్నది రాసి పెట్టుకోండి. కోపంతో చాట్ డిలీట్ చేయకండి, గ్రూపులోంచి బయటికి వచ్చేముందు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మీ బ్యాంకుకు కూడా చెప్పండి.

మొదట పడిన ఆ 150 గురించి కూడా ఒక మాట. అది వాళ్ల జేబులోంచి వచ్చింది కాదు, చాలాసార్లు ఇంకెవరో పోగొట్టుకున్న డబ్బే మీ అకౌంట్‌లోకి వస్తుంది. ఆ ఇంకెవరో ఫిర్యాదు చేస్తే మీ అకౌంట్ మీద కూడా లీన్ పడొచ్చు, అంటే అంత డబ్బు మీరు తీయకుండా బ్యాంకు ఆపేయొచ్చు, ఒక్కోసారి అకౌంటే ఫ్రీజ్ కావచ్చు. "నేను 150 తీసుకుని ఆపేశాను, తెలివిగా బయటపడ్డాను" అని నవ్వుతూ చెప్పేవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఇదంతా అయ్యాక "మీ డబ్బు రికవరీ చేస్తాం, ఫీజు 5,000" అని ఇంకొకడు తగులుతాడు. వాడూ అదే బాపతు.

గూడెం కుర్రాడి డబ్బులో 18,000 దాకా ఒక అకౌంట్లో ఆగాయి. ఇది రాసేనాటికి ఇంకా చేతికి రాలేదు.

మిగతా అపోహల మీద నాకంత కోపం లేదు, గబగబా చెప్పేస్తాను.

అపోహ: రేటింగ్ సైటు ఐఎండీబీలో 9.2 ఉందంటే జనం మెచ్చినట్టే

రిలీజైన మొదటి రెండు రోజుల అంకెను పట్టించుకోకండి. అక్కడ ఓటు వేయడానికి టికెట్టు కొననక్కర్లేదు, అకౌంటుంటే చాలు. కనిపించే అంకె ఓట్లన్నీ కలిపి భాగించిన మామూలు సగటు కూడా కాదు, కొన్ని ఓట్లకు విలువ మార్చి లెక్కిస్తారు, ఎలా అన్నది బయటపెట్టరు. అంకె మీద నొక్కితే ఎవరెన్ని ఇచ్చారో పట్టీలు కనిపిస్తాయి. పదిలోనూ ఒకటిలోనూ పెద్ద పట్టీలుండి మధ్యలో ఖాళీగా ఉంటే అక్కడ నడుస్తున్నది సినిమా గురించిన చర్చ కాదు, ఫ్యాన్ వార్.

అపోహ: రాటెన్ టొమాటోస్ అనే రివ్యూల సైటులో 90 శాతం అంటే నూటికి తొంభై మార్కులు

కాదు. వందమంది విమర్శకుల్లో తొంభై మంది "పర్లేదు, చూడొచ్చు" అన్నా అది 90 శాతమే. అందరూ ఐదుకు మూడు ఇచ్చిన సాదా సినిమాకు నూటికి నూరు రావచ్చు. సగంమంది నెత్తిన పెట్టుకుని, సగంమంది విసిరికొట్టిన సాహసానికి 50 వస్తుంది, 60 దాటలేదు కాబట్టి కుళ్లిన టమాటా బొమ్మ పడుతుంది. నాకైతే ఆ రెండో రకం సినిమాలే ఎక్కువ ఇష్టం.

అపోహ: సినిమా చూడకుండానే తెల్లవారేసరికి రివ్యూ రాసేస్తారు

కొందరు రాస్తారేమో, వాళ్ల సంగతి నాకొద్దు. కానీ డాలస్‌లో గురువారం సాయంత్రం ఆరింటి ప్రీమియర్ అంటే, వేసవిలో మనకు శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నర. మీరు పళ్లు తోముకునేసరికి అక్కడ శుభం కార్డు పడుతుంది.

అపోహ: యూఏ 16+ వచ్చిందంటే పిల్లల్ని థియేటర్‌లోకి రానివ్వరు

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి యూఏ అనే సెన్సార్ సర్టిఫికెట్‌ను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. ఆ వయసు తల్లిదండ్రులకు సూచన, గేటు దగ్గర ఆపే అధికారం కాదు. ఆపేది పెద్దలకు మాత్రమే అనే 'ఏ' సర్టిఫికెట్‌కే. అందరూ చూడొచ్చనే 'యూ'తో సహా ఇందులో ఏదీ సినిమా బాగుందా లేదా అని చెప్పదు. "క్లీన్ యూ వచ్చింది, బ్లాక్‌బస్టర్ ఖాయం" అనే పోస్టులు చూసి నవ్వుకోవడమే.

అపోహ: పోస్టర్ మీద 100 కోట్లు అంటే నిర్మాతకు వంద కోట్లు మిగిలాయి

అది గ్రాస్. అందులోంచి జీఎస్టీ, థియేటర్ వాటా పోగా వచ్చేది షేర్, ఆ షేర్ పెట్టుబడిని దాటితేనే లాభం. ఇది మీకు నాకంటే బాగా తెలుసు, వదిలేద్దాం.

అపోహ: 2.75కి, 3కి తేడా ఏం లేదు

ఉంది. మా పావు మార్కులో ఒక భాష ఉంది. మూడు అంటే వెళ్లండి. రెండున్నర అంటే ఓటీటీకి వచ్చేదాకా ఆగినా ఏం పోదు. 2.75 అంటే, మీ హీరో అయితే వెళ్లండి, నా మీద మాత్రం తోయకండి. ఆ పావు దగ్గర ఒక్కోసారి నేను అరగంట కూర్చుంటాను, పక్కన టీ చల్లారిపోతుంది. అయినా అది నా ఒక్కడి అభిప్రాయం. మీ పక్కింటి అత్తయ్యకు ఏడుపొచ్చిన సినిమాకు నేను రెండిస్తే, ఆవిడ తప్పూ కాదు, నా తప్పూ కాదు.

గూడెం కుర్రాడు కొన్నాళ్లు మెసేజ్‌లు మానేశాడు. నేనూ కదిపి చూడలేదు, ఏం రాయాలో తెలియక. మొన్న శుక్రవారం మధ్యాహ్నం, రివ్యూ పెట్టిన పది నిమిషాలకు వచ్చింది: "రెండున్నర ఏంటన్నా? ఇంటర్వెల్ సీన్ నిద్రపోయి చూశారా?"

మెలకువగానే చూశాను తమ్ముడూ. రెండున్నరే.