సెలవు నుంచి తిరిగొచ్చాకే ఎందుకు? కేంద్ర బలగాల్లో ఆత్మహత్యల వెనుక పాతికేళ్ల కథ

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో ఆత్మహత్యల మీద చర్చ మళ్లీ మొదలైంది. ఎప్పటిలాగే రెండు వాదనలు. కుటుంబ సమస్యలే కారణమని హోం శాఖ అంటోంది. సెలవు దొరకదు, డ్యూటీకి అంతుండదు అని మాజీ జవాన్లు, చనిపోయినవాళ్ల ఇళ్లవాళ్లు అంటున్నారు. విచిత్రమేమిటంటే ఇద్దరూ చూపించే ఆధారం ఒక్కటే. హోం శాఖ 2021లో వేసిన టాస్క్‌ఫోర్స్ ఒక విషయం తేల్చింది. ఆత్మహత్య చేసుకున్నవాళ్లలో 80 శాతానికి పైగా సెలవు మీద ఇంటికి వెళ్లి, తిరిగి డ్యూటీలో చేరాకే ఆ పని చేశారు.

2024 డిసెంబర్‌లో రాజ్యసభకు ఇచ్చిన లెక్కల ప్రకారం 2020 నుంచి 2024 వరకు 730 మంది జవాన్లు ఇలా చనిపోయారు. అదే కాలంలో స్వచ్ఛంద విరమణ తీసుకునో, రాజీనామా చేసో బలగాలు వదిలి వెళ్లినవాళ్లు 55,555 మంది. 2018లో ఆత్మహత్యలు 96. మరుసటి ఏడాది 129, ఆ తర్వాత 144, 2021లో 157.

ఇంటికి వెళ్లొచ్చాక చనిపోయారంటే కష్టం ఇంట్లోనే ఉందని ప్రభుత్వం అర్థం చేసుకుంది. భార్య లేదా దగ్గరివాళ్ల మరణం, దంపతుల మధ్య గొడవలు, విడాకులు, అప్పులు, పిల్లల చదువులు అంటూ కారణాల జాబితా ఇచ్చింది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. అయితే ఇలాంటి కష్టాలు లేని ఇల్లు ఎక్కడుంది? పక్క ఊళ్లో టీచరుగా పనిచేసేవాడికీ అప్పులుంటాయి, తమ్ముడితో పొలం తగాదా ఉంటుంది. కాకపోతే అతను సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. పెద్దమనుషుల దగ్గర కూర్చోగలడు, బ్యాంకుకు వెళ్లగలడు, కోర్టు వాయిదాకు హాజరు కాగలడు. జవానుకు ఆ సందు లేదు. సెలవు ఉన్న నాలుగు రోజుల్లో గొడవ సగం దాకా వస్తుంది, ఈలోగా రిటర్న్ టికెట్ తేదీ వచ్చేస్తుంది. క్యాంపులో చేరిన రోజు అతనికి తర్వాతి సెలవు అన్ని రోజులకన్నా దూరంగా కనిపించే రోజు. 80 శాతం అన్న అంకెను నేను ఇలాగే చదువుతాను.

ఈ పరిస్థితి ఎప్పుడు మొదలైందో తెలియాలంటే సీఆర్‌పీఎఫ్ పుట్టుక దాకా వెళ్లనక్కర్లేదు. 2001 నుంచి చూస్తే చాలు.

కార్గిల్ యుద్ధం తర్వాత ఎల్.కె. అద్వానీ అధ్యక్షతన మంత్రుల బృందం దేశ భద్రత మీద నివేదిక ఇచ్చింది. ఒక సరిహద్దుకు ఒకే బలగం ఉండాలని, దేశం లోపలి తిరుగుబాట్లను ఎదుర్కొనే ప్రధాన బాధ్యత సీఆర్‌పీఎఫ్‌దని సిఫారసు చేసింది. కాగితం మీద చూస్తే సబబైన మాటే. 1990ల ఆరంభం నుంచి శ్రీనగర్‌లో ఉన్న బీఎస్‌ఎఫ్‌ను సరిహద్దుకు పంపి, ఆ స్థానంలోకి 2003 నుంచి సీఆర్‌పీఎఫ్‌ను తెచ్చారు. ఆ వెంటనే ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులతో పోరు వచ్చిపడింది. 2010 ఏప్రిల్ 6న అక్కడి తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో ఒక్క రోజులో 76 మంది చనిపోతే అందులో 75 మంది సీఆర్‌పీఎఫ్ వాళ్లే. ఆ తర్వాత ఆ రాష్ట్రంలోని బస్తర్ ప్రాంతంలో క్యాంపులు పెరిగాయే తప్ప తగ్గలేదు.

అప్పటిదాకా సీఆర్‌పీఎఫ్ అంటే ఎక్కడ గొడవ జరిగితే అక్కడికి వెళ్లి, అది సద్దుమణిగాక గ్రూప్ సెంటర్‌కు తిరిగొచ్చే బలగం. హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట సెంటర్ అలాంటిదే. తిరిగొచ్చిన బెటాలియన్‌కు శిక్షణ, విశ్రాంతి, భార్యాపిల్లలు, క్వార్టర్ అన్నీ అక్కడే. 2001 తర్వాత వెళ్లడమే గానీ తిరిగి రావడం లేకుండా పోయింది. కశ్మీర్, బస్తర్, ఈశాన్యం శాశ్వత డ్యూటీలయ్యాయి. వాటి మీద ఎన్నికలొకటి. అయిదు రాష్ట్రాల్లో నోటిఫికేషన్ వస్తే చాలు, కంపెనీలు రైళ్లెక్కుతాయి. కొత్త బెటాలియన్లు పెంచారు, నిజమే. పని అంతకన్నా వేగంగా పెరిగింది.

తెలుగువాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం సులువు, గ్రేహౌండ్స్‌ను దగ్గర నుంచి చూశాం కాబట్టి. 1989లో నక్సలైట్లను ఎదుర్కోవడానికి ఏర్పడిన ఆ రాష్ట్ర పోలీసు దళం అడవిలోకి వెళ్లి, పని ముగించుకుని, హైదరాబాద్ తిరిగొచ్చే పద్ధతిలో తయారైంది. సీఆర్‌పీఎఫ్ మాత్రం అడవిలోనే కాపురం పెట్టింది.

సైన్యంతో పోల్చినా ఇదే కనిపిస్తుంది. 2022 జూలైలో రక్షణ శాఖ పార్లమెంటుకు చెప్పిన ప్రకారం అంతకుముందు అయిదేళ్లలో సైన్యంలో ఆత్మహత్యలు 642. వైమానిక దళంలో 148, నౌకాదళంలో 29. దాదాపు అదే కాలంలో, 2018-2022 మధ్య, కేంద్ర బలగాల్లో 654 మంది చనిపోయారు. అందులో సీఆర్‌పీఎఫ్ 230, బీఎస్‌ఎఫ్ 174. సైన్యంలో ఉన్నది సుమారు 12 లక్షల మంది, కేంద్ర బలగాల్లో 10 లక్షల లోపు. తుపాకీ ఇద్దరి దగ్గరా ఉంది. కశ్మీర్ చలి ఇద్దరికీ ఒకటే. ఇంటి గొడవలూ ఇద్దరికీ ఉంటాయి, ఇద్దరూ ఒకే ఊళ్ల నుంచి, ఒక్కోసారి ఒకే ఇంటి నుంచి వెళ్లినవాళ్లు. మరి తేడా ఎక్కడుంది? సైన్యంలో ఫీల్డ్ పోస్టింగ్ ముగిశాక పీస్ స్టేషన్ ఉంటుంది. రెండు మూడేళ్లు భార్యాపిల్లలతో కంటోన్మెంట్‌లో ఉంటారు, పిల్లలు ఒకే బడిలో చదువుకుంటారు. సీఆర్‌పీఎఫ్‌లో హార్డ్ ఏరియా (కష్టమైన చోటు) తర్వాత సాఫ్ట్ ఏరియా (తేలికైన చోటు) అన్న నియమం ఉంది గానీ, ఆ సాఫ్ట్ ఏరియా నుంచే బందోబస్తులకూ ఎన్నికలకూ పంపేస్తారు. క్యాజువల్ లీవుల్లోనూ తేడా ఉంది. కేంద్ర బలగాల జవానుకు ఏడాదికి 15, సైన్యంలో సుమారు రెట్టింపు.

సాధారణ జనాభాలోనూ ఆత్మహత్యలు పెరుగుతున్నాయని, బలగాలను విడిగా చూడకూడదని అధికారులు అంటారు. దేశం మొత్తం మీద 2021లో లక్షకు 12 మంది. కేంద్ర బలగాల్లో ఆ ఏడాది లక్షకు 16 దాటింది. వీళ్లు వైద్య పరీక్షలు దాటి, నెలనెలా జీతం అందుకుంటున్నవాళ్లు.

సెలవు సంగతి కాస్త దగ్గర నుంచి చూడాలి. ఏడాదికి 60 రోజుల ఎర్న్‌డ్ లీవు, 15 రోజుల క్యాజువల్ లీవు రూల్‌లో ఉన్నాయి. సుక్మా జిల్లా లోపలి క్యాంపులో ఉన్న జవాను అర్జీ పెడితే అది కంపెనీ కమాండర్ దగ్గరికి వెళుతుంది. కంపెనీలో ఒకేసారి ఇంతమందికి మించి బయటికి పంపకూడదు. మోర్చాలో సెంట్రీలు తగ్గకూడదు, పొద్దున్నే దారిని తనిఖీ చేసే రోడ్ ఓపెనింగ్ పార్టీకి మనుషులు కావాలి. కమాండర్ చెడ్డవాడు కానక్కర్లేదు, అతని దగ్గర మనుషుల్లేరు. చివరికి సెలవు మంజూరైనా క్యాంపు గేటు దాటి బస్సెక్కడం కుదరదు. మందుపాతరల భయంతో రోడ్డు తనిఖీ అయ్యాకే కదలాలి, వెళ్లే బండి కోసం ఆగాలి. కొంటా, భద్రాచలం మీదుగా కొత్తగూడెం చేరి రైలెక్కి శ్రీకాకుళం వెళ్లేసరికి చెల్లెలి పెళ్లి అయిపోయి ఉంటుంది. ఈ మాట జవాన్ల ఇళ్లల్లో తరచూ వినపడేదే.

కశ్మీర్‌లో ఈ ప్రయాణమే ప్రాణం మీదికి తెచ్చింది. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో దాడికి గురైన కాన్వాయ్‌లో ఉన్నది సెలవు ముగించుకుని డ్యూటీకి వెళుతున్న జవాన్లే. మంచు కురిసి హైవే మూతపడటంతో జమ్మూలో రోజుల తరబడి ఆగిపోయి, దారి తెరవగానే 2,500 మందికి పైగా ఒకేసారి బయల్దేరారు. 40 మంది చనిపోయారు. ఆ దాడి జరిగిన వారానికి కానిస్టేబుళ్లకు కూడా శ్రీనగర్ విమాన ప్రయాణం అనుమతించారు. 7.8 లక్షల మందికి మేలు జరుగుతుందని ప్రకటించారు. అంటే చేయాలనుకుంటే వారంలో చేయగలరు.

అదే ఏడాది అక్టోబర్‌లో హోం మంత్రి అమిత్ షా ప్రతి జవానూ ఏడాదికి 100 రోజులు కుటుంబంతో గడిపేలా చూడాలన్నారు. ఆ ఆలోచన సరైనదే, ఈ పాతికేళ్లలో జవాను ఇంటి గురించి పైనుంచి వచ్చిన మంచి మాట అదే. కానీ 2024లో అక్టోబర్ దాకా ఆ 100 రోజులు దొరికింది 6,302 మందికి, 9 లక్షలకు పైగా ఉన్న బలగాల్లో. మనుషులు అవే, పోస్టులు అవే అయినప్పుడు రోజులు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 2018 డిసెంబర్‌లోనే హోం శాఖ వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం రాసింది: సీఆర్‌పీఎఫ్ జవాన్లు రోజుకు 12 నుంచి 14 గంటలు పనిచేస్తున్నారు, 80 శాతానికి పైగా జవాన్లకు ఆదివారాలు, సెలవు దినాలు దొరకడం లేదు. టాస్క్‌ఫోర్స్ కన్నా మూడేళ్ల ముందు వచ్చిన ఈ 80 శాతం గురించి అధికారులు ఎందుకో ఎక్కువ మాట్లాడరు.

ఇక కారణాల లెక్క. 2019లో కేంద్ర బలగాల్లో 36 ఆత్మహత్యలు జరిగాయని జాతీయ నేర రికార్డుల బ్యూరో రాసింది. వాటిలో 14 కుటుంబ సమస్యల వల్ల అని చెప్పింది. అదే ఏడాదికి హోం శాఖ తర్వాత పార్లమెంటుకు ఇచ్చిన సంఖ్య 129. అంటే 90కి పైగా మరణాలు ఆ పుస్తకంలోనే లేవు. ‘కుటుంబ సమస్యలు’ అన్న మాట దేశమంతా తిరగడానికి ఇలాంటి పట్టికలే ఆధారం. ఒక జవాను ఎన్నిసార్లు సెలవు అడిగాడు, ఎన్నిసార్లు కాదన్నారు అన్న గడి వాటిలో లేదు.

పెన్షన్ గొడవ కూడా ఇందులోదే. 2004 జనవరి 1 తర్వాత చేరిన కేంద్ర బలగాల జవాన్లను కొత్త పెన్షన్‌లోకి తోశారు, సైన్యాన్ని మినహాయించారు. వీళ్లకూ పాత పెన్షన్ ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు 2023 జనవరి 11న తీర్పిస్తే, కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంది. హెడ్ కానిస్టేబుల్ ప్రమోషన్‌కే ఇరవై ఏళ్లు పట్టే ఉద్యోగంలో, అప్పు తీరే దారి చూసుకునేవాడికి ఇది చిన్న విషయం కాదు.

2021 నవంబర్ 8 తెల్లవారుజామున సుక్మా జిల్లా లింగంపల్లి క్యాంపులో ఒక జవాను తోటివాళ్ల మీదే కాల్పులు జరిపాడు. గాయపడినవాళ్లను మన భద్రాచలం ఏరియా ఆసుపత్రికే తీసుకొచ్చారు. నలుగురు చనిపోయారు. తోటివాళ్ల మీద కాల్పులు, ఆత్మహత్యలు రెండింటినీ కలిపి చూడమనే టాస్క్‌ఫోర్స్‌కు చెప్పారు. ఆ తర్వాత యోగా, ఆర్ట్ ఆఫ్ లివింగ్ తరగతులు, అధికారులు జవాన్లతో మాట్లాడే సమావేశాలు పెరిగాయి. వాటివల్ల కొందరికి మేలు జరిగే ఉంటుంది. అయితే టెన్షన్‌గా ఉందని, నిద్ర పట్టడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్లే జవానుకు మరో భయం ఉంది. ప్రమోషన్ రావాలంటే మెడికల్‌లో ‘షేప్-1’ ఉండాలి. అందులో మొదటి అక్షరం మానసిక ఆరోగ్యానిదే. అది తగ్గితే ప్రమోషన్ ఆగుతుంది. అందుకే నోరు మెదపడు. సైన్యం కోసం 2023 డిసెంబర్‌లో పుణెలో టెలిమానస్ (మానసిక ఆరోగ్యం మీద ప్రభుత్వ ఫోన్ సేవ) ప్రత్యేక విభాగం తెరిచారు. టెలిమానస్ 14416 నంబరుకు ఎవరైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. జవాన్లూ, వాళ్ల ఇళ్లవాళ్లూ ఈ నంబరు దగ్గర పెట్టుకోవాలి.

మావోయిస్టు ఉద్యమాన్ని అంతం చేయడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుంది. 2025 ఏప్రిల్, మే నెలల ఎండల్లో తెలంగాణ-ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల మీద 21 రోజులు సాగిన ఆపరేషన్ అందులో భాగమే. బస్తర్‌లో పని తగ్గేకొద్దీ అక్కడి బెటాలియన్లు ఖాళీ అవుతాయి. వాటిని గ్రూప్ సెంటర్లకు రప్పించి, వంతులవారీగా ఏడాదైనా ఇంటివాళ్లతో ఉంచడానికి 2001 తర్వాత దొరికే మొదటి అవకాశం అదే. అలా కాకుండా నేరుగా మరో రాష్ట్రానికి రైలెక్కిస్తే 100 రోజుల మాట 6,302 దగ్గరే ఆగిపోతుంది.