కంచరగాడిద మీద జీను జారడం: అపోహలు, వాస్తవాలు

ఆర్మీలో యానిమల్ ట్రాన్స్‌పోర్ట్‌లో చాలాకాలం కంచరగాడిదలకి లోడు కట్టినోణ్ణి. ఈమధ్య ఇంట్లోవాళ్ళతో కేదార్‌నాథ్ వెళ్ళొచ్చాను, కొండ ఎక్కడం మొదలయ్యే గౌరీకుండ్‌లో మనవాళ్ళు గుర్రం అని ఎక్కేవాటిలో చాలావరకు ఖచ్చర్లే, అంటే కంచరగాడిదలే, అక్కడ విన్న మాటలకి ఇది రాస్తున్నా.

అపోహ: పొట్ట పట్టీ ఎంత బిగిస్తే జీను అంత కదలకుండా ఉంటది.

అస్సలు కాదండీ. గుర్రానికి మెడ దిగువన మూపు ఎత్తుగా ఉంటది, జీను దాని వెనక కుదురుకుంటది. కంచరగాడిదకి తండ్రి గాడిద కదా, వీపు ఆ పోలికే, మూపు పల్లం, ఒళ్ళు పీపాలాగా గుండ్రం. అందుకే పట్టీ ఎంత లాగినా దిగుడులో జీను ముందుకి జారి భుజం ఎముక మీద కూర్చుంటది, పైగా ముంగాళ్ళ వెనక చర్మం ఒరుసుకుని పుండు పడుద్ది. జారకుండా ఆపేది వెనక కట్టు. తోక కిందనుంచి వేసేది దుమ్చీ, తొడల వెనకనుంచి చుట్టొచ్చేది బ్రీచింగ్. కేదార్‌నాథ్ నుంచి గౌరీకుండ్‌కి దాదాపు 16 కిలోమీటర్లలో 1,500 మీటర్లకి పైనే దిగాలి, అంతసేపూ తోక కింద లేత చర్మం లాగుతా ఉంటే ఎట్లా ఉంటదో ఆలోచించండి, అందుకే నా ఓటు బ్రీచింగ్‌కే, బరువు తొడ కండల మీద పడుద్ది. సమంగా ఉన్నచోట అది అరచెయ్యి దూరేంత వదులుండాలి. దుమ్చీ వేస్తే తోక వెంట్రుక ఒక్కటి కూడా ఇరుక్కోకూడదు, కొత్తలో నేను చూసుకోక ఒకదానికి తోక కింద పుండు చేశాను, ఇప్పటికీ బాధే.

అపోహ: ఎక్కుడులో భయం లేదు.

ఎక్కుడులో వెనక్కి జారుద్ది. ఛాతీ పట్టీ కావాలి, అది గొంతు మీదకి రాకూడదు, ఊపిరాడదు.

అపోహ: దుప్పట్లు ఎక్కువ వేస్తే వీపుకి మెత్తగా ఉంటది.

మందం పెరిగితే జీను పక్కకి దొర్లుద్ది. ముడతల్లేకుండా ఒకటి చాలు.

అపోహ: ఒకసారి కడితే పైదాకా ఢోకా లేదు.

కట్టేటప్పుడు కొన్ని పొట్ట ఉబ్బిస్తాయి, పది పదిహేను నిమిషాలు నడిచాక పట్టీ వదులైపోద్ది, ఆపి మళ్ళీ చూడమనండి. మీరు కూడా ఎక్కుడులో కొంచెం ముందుకి, దిగుడులో కొంచెం వెనక్కి ఒరగండి, బ్యాగు ఒకే భుజానికి వేలాడదీయొద్దు.

ఎక్కేముందు "భయ్యా, కాఠీ (జీను) ఎత్తి చూపించు" అని అడగండి. వీపు మీద గానీ తోక కింద గానీ పుండు కనపడితే దాన్ని ఎక్కొద్దు, ఇంకోటి చూసుకోండి.