నానోవైర్ల వలలో కరెంటు: అపోహలు - వాస్తవాలు

వేసవి ప్రాజెక్టు కోసం హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీల నుంచి మా దగ్గరికి వచ్చే ఎంటెక్ పిల్లలు చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు: "వెండి కదా సార్, కరెంటుకి అంతకంటే మంచిదేముంది?" నిజమే, లోహాల్లో దానికి సాటి లేదు. కానీ పారదర్శక ఎలక్ట్రోడ్ (వెలుతురును వదులుతూనే కరెంటు మోసే పొర) కోసం గాజు మీద చల్లిన వెండి నానోవైర్లు, అంటే నానోమీటర్ల మందపు తీగలు, వల అవుతాయి గానీ వెండి రేకు అవ్వవు. ఆ వలలో కరెంటు ఎలా పారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడమే మా పని.

అపోహ: రెసిస్టెన్స్ అంతా తీగలు ఒకదాన్నొకటి తాకే జంక్షన్లోనే ఉంటుంది, తీగను సున్నా అనుకోవచ్చు.

అన్నిటికంటే మొండి అపోహ ఇదే. 10 మైక్రాన్ల పొడవు, 50 నానోమీటర్ల వ్యాసం ఉన్న తీగను తీసుకోండి. మామూలు వెండి రెసిస్టివిటీ, అంటే 1.6×10⁻⁸ ఓమ్-మీటర్ వేసి చూసినా ఈ కొస నుంచి ఆ కొసకు 80 ఓమ్‌లు దాటుతుంది. నిజం తీగలో ఇంకా ఎక్కువే. అంత సన్నటి చోట ఎలక్ట్రాన్లు తీగ ఉపరితలానికీ, లోపలి స్ఫటిక రేణువుల సరిహద్దులకీ తగిలి చెదిరిపోతుంటాయి.

ఇక జంక్షన్. తయారీలో వాడిన పీవీపీ (పాలివినైల్ పైరోలిడోన్) అనే పాలిమర్ పొర తీగల మధ్య మిగిలిపోతే అది వందల ఓమ్‌లు, ఒక్కోసారి కిలో ఓమ్‌లు చూపిస్తుంది. అప్పుడు తీగను వదిలేసినా కొంప మునగదు. అదే షీటును, అంటే తీగలు చల్లిన పొరను, 150-200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాస్త వేడి చేస్తే జంక్షన్లు అతుక్కుని పదుల ఓమ్‌లకు దిగుతాయి. కూడలిలో ఫ్లైఓవర్ వేయగానే జామ్ ముందున్న రోడ్డు మీదికి జరగడం మన నగరంలో చూసేదే. ఇక్కడా అంతే, ఇప్పుడు తీగ రెసిస్టెన్స్ కూడా లెక్కలోకి వస్తుంది.

చిక్కేమిటంటే, అప్పుడు కూడా తీగను సున్నా చేసిన మోడల్ బాగానే నడుస్తుంది. కొలిచిన షీట్ రెసిస్టెన్స్‌తో (పొర మొత్తంగా కరెంటుకు చూపే అడ్డుతో) కలిసేదాకా జంక్షన్ విలువ పెంచుకుంటూ పోతే గ్రాఫ్ చక్కగా కూర్చుంటుంది. తీగ మోయాల్సిన బరువు మాత్రం జంక్షన్ నెత్తిన పడుతుంది. తర్వాత "జంక్షన్లు ఇంకా బాగుచేస్తే ఎంత లాభం?" అని అదే మోడల్‌ను అడిగితే లేని ఆశలు పెడుతుంది. అందుకే ప్రతి తీగనూ అది తాకిన చోటల్లా ముక్కలు చేయాలి. ఒక్కో తాకిడికి రెండు నోడ్లు (లెక్కలో వోల్టేజీ కనుక్కునే బిందువులు), పై తీగకొకటి, కింది తీగకొకటి. వాటి మధ్య జంక్షన్ రెసిస్టర్. సమీకరణాల మాట్రిక్స్ పెరుగుతుంది, పెరగనివ్వండి.

అపోహ: ఇటునుంచి అటు ఒక్క దారి ఏర్పడితే చాలు.

మందం లేని, ఒకే పొడవున్న తీగలను ఇష్టం వచ్చినట్టు చల్లితే, యూనిట్ విస్తీర్ణంలోని తీగల సంఖ్యను పొడవు వర్గంతో గుణించగా సుమారు 5.64 వచ్చినప్పుడు దారి ఏర్పడుతుంది. ఇది పర్కోలేషన్ గడప. 10 మైక్రాన్ల తీగలకు ఇది చదరపు సెంటీమీటరుకు దాదాపు 56 లక్షలు. చాలా అనిపిస్తుంది గానీ, 50 నానోమీటర్ల మందంతో అవి కప్పేది 3 శాతం లోపే. అక్కడ సగటున ఒక్కో తీగ మూడున్నర తీగలను తాకుతుంది, అయినా వాటిలో చాలా భాగం మూసుకుపోయిన సందులే, కరెంటు పారదు. వాహకత దాదాపు సున్నా దగ్గర మొదలై, గడప దాటిన కొద్దీ ఆ తేడాకు 1.3 ఘాతంగా పెరుగుతుంది. పనికొచ్చే షీటు కావాలంటే గడపకు కొన్ని రెట్లు తీగలుండాలి.

ఆ 1.3 కూడా గడప పక్కనే. దూరంగా ఉన్న డేటాకి లాగ్-లాగ్ గీత గీసి వేరే ఘాతం రాగానే కొత్త భౌతికశాస్త్రం దొరికిందని సంబరపడేవాళ్లున్నారు. చాలాసార్లు అది జంక్షన్-తీగ రెసిస్టెన్స్ నిష్పత్తి ఆడించే ఆట.

అపోహ: వాహకత చాలకపోతే ఇంకాస్త వెండి పోస్తే సరి.

పారదర్శకత పోతుంది. వ్యాసం మార్చకుండా పొడవు రెట్టింపు చేస్తే గడప చేరడానికి నాలుగో వంతు తీగలు, సగం వెండి చాలు. కాకపోతే పొడవు తీగలు అల్ట్రాసోనిక్ బాత్‌లో విరిగిపోతాయి, జాగ్రత్త.

అపోహ: ఒక్క రాండమ్ సీడ్‌తో (కంప్యూటర్ తీగలను ఎలా చల్లాలో నిర్ణయించే అంకెతో) రన్ చేస్తే జవాబు వచ్చినట్టే.

గడప దగ్గర అదే సాంద్రతకు ఒక వల పారుతుంది, ఇంకోటి పారదు. పెట్టెను, అంటే లెక్కలో తీగలు చల్లే చదరాన్ని, తీగ పొడవుతో పోల్చి 16 రెట్లు పెంచితే ఆ అనిశ్చితి వెడల్పు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. సగటుతో పాటు చెదురు కూడా రాయని పట్టికను నేను చదవను.

అపోహ: దీనికి సూపర్ కంప్యూటర్ కావాలి.

అక్కర్లేదు. కిర్కాఫ్ సమీకరణాల (ప్రతి నోడ్‌లోకి వచ్చే కరెంటు, పోయే కరెంటు సమానమనే నియమం) మాట్రిక్స్‌లో దాదాపు అన్నీ సున్నాలే కాబట్టి, వేల తీగల వలను మామూలు ల్యాప్‌టాప్ మీద సైపై (పైథాన్‌లోని గణిత లైబ్రరీ) తేల్చేస్తుంది. "సింగ్యులర్ మాట్రిక్స్" అని ఆగిపోతే ర్యామ్ కొనకండి. ఏ ఎలక్ట్రోడ్‌నూ తాకని తీగల దీవులు లోపల మిగిలాయన్నమాట. యూనియన్-ఫైండ్ (ఏ తీగ ఏ గుంపుతో కలిసుందో తేల్చే పద్ధతి) తో వాటిని ముందే ఏరేయండి. తర్వాత ఎడమ ఎలక్ట్రోడ్‌లోకి వెళ్లిన కరెంటు, కుడివైపు నుంచి వచ్చిన కరెంటు పక్కపక్కన ప్రింట్ చేయండి. జంక్షన్, తీగ ముక్కల విలువల మధ్య వేల రెట్ల తేడా ఉన్నప్పుడు కాంజుగేట్ గ్రేడియంట్ (సమీకరణాలను అంచెలంచెలుగా సాధించే పద్ధతి) జవాబుకు పూర్తిగా చేరకముందే ఆగిపోతుంటుంది, అప్పుడు ఆ రెండు అంకెలూ కలవవు. అవి కలిసేదాకా షీట్ రెసిస్టెన్స్ గ్రాఫ్ నాకు పంపొద్దనే మా పిల్లలకు చెబుతాను.