షోగన్ టీవీ సిరీస్ చూసి జపాన్ బయల్దేరేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సిరీస్‌లో చూసిన కోట, రేవు అక్కడికెళ్తే కనిపిస్తాయి.

కనిపించవు. 2024 షోగన్‌ను ప్రధానంగా కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తీశారు. సిరీస్‌లో ఓడ చేరే అజిరో అనే ఊరు ఇజు తీరంలో, అతామీ దగ్గర నిజంగానే ఉంది కానీ ఓడ నడిపే ఇంగ్లిష్ పైలట్ నిజంగా దిగింది అక్కడ కాదు. బ్లాక్‌థార్న్ పాత్రకు మూలమైన విలియం ఆడమ్స్ ఓడ లీఫ్డె 1600 ఏప్రిల్‌లో క్యూషూ దీవిలో, ఇప్పటి ఒయితా ప్రాంతంలోని ఉసుకి దగ్గరికి చేరింది. అజిరోకే వెళ్లాలనుకుంటే అతామీ నుంచి అక్కడికెళ్లే రైలులోనే ఇంకాస్త ముందుకు, ఇతో అనే ఊరి దాకా వెళ్లండి. సిరీస్‌లోని తొరనాగాకు మూలమైన, తర్వాత షోగన్ (సైనిక పాలకుడు) అయిన తొకుగావా ఇయెయాసు కోసం ఆడమ్స్ పాశ్చాత్య పద్ధతిలో రెండు ఓడలు కట్టించింది అక్కడే. అందులో పెద్దది, 120 టన్నులది, 1610లో పసిఫిక్ దాటి మెక్సికో వెళ్లింది. ఇప్పుడక్కడ ఉన్నవి స్మారకాలు మాత్రమే, ఆ మాట మనసులో పెట్టుకునే వెళ్లండి.

అపోహ: ఒసాకా కోట ఆ కాలం నాటిదే.

బురుజు, అంటే కోట మధ్యలోని ఎత్తైన ప్రధాన భవనం, 1931లో కట్టిన కాంక్రీటు కట్టడం. లోపల మ్యూజియం, లిఫ్టు. ఇయెయాసుకు ముందు దేశాన్నేలిన హిదెయోషి కట్టిన కోట 1615లో కాలిపోయింది. ఇయెయాసు వంశం తొకుగావాలు దాన్ని మట్టితో కప్పేసి, 1620 నుంచి దాదాపు పదేళ్లు పట్టి, పైన కొత్త గోడలు లేపారు. అంటే మనం నోరెళ్లబెట్టి చూసే ఆ రాతిగోడలు హిదెయోషివి కావు, ఆయన వంశాన్ని తుడిచిపెట్టినవాళ్లవి. అసలు గోడ భూమి లోపల ఉంది. దాన్ని చూపించే మ్యూజియం 2025 ఏప్రిల్‌లో తెరిచారు.

ఒక్క రాయి దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడండి. సకురామోన్ గుమ్మం దాటగానే ఎదురుగా ఉండే తకో-ఇషి ముఖం దాదాపు 60 చదరపు మీటర్లు, బరువు 108 టన్నులని అంచనా. కొండంత కనిపిస్తుంది గానీ మందం మీటరు కూడా ఉండదంటారు. వచ్చేవాళ్లను బెదరగొట్టడానికి పెట్టిన పలక అది. పక్క గోడల్లో చిన్న రాళ్ల మీద వలయాలు, గీతలు వెతకండి. ఏ రాయి ఏ ప్రభువు తెచ్చాడో చెప్పే గుర్తులవి. ఎండ ఏటవాలుగా పడే పొద్దుటి పూటే బాగా తెలుస్తాయి. గోడలు చూడ్డానికి టికెట్టు అక్కర్లేదు. టైము తక్కువుంటే బురుజు క్యూ మానేసినా నష్టం లేదు.

అపోహ: సిరీస్‌లో దుబాసీగా కనిపించే మరికో చనిపోయింది కోటలోపలే.

ఆ పాత్రకు మూలం హొసొకావా గ్రేషియా. ఆమె ఆడమ్స్‌ను కలిసినట్టు ఆధారం లేదు, దుబాసీ పని చేసిందీ లేదు. 1600 ఆగస్టు 25న కోట బయట, తమత్సుకురిలోని సొంత ఇంట్లో చనిపోయింది. శత్రువులకు బందీగా చిక్కకూడదు, క్రైస్తవురాలు కాబట్టి ఆత్మహత్యా చేసుకోకూడదు, అందుకని కుటుంబ సేవకుడే చంపాడని చెబుతారు. ఆ ఇంటి గుర్తుగా ఎచ్చూ-ఇ అనే బావి, ఒక శిల మిగిలాయి. దగ్గర్లోని కాథలిక్ చర్చి ముందు ఆమె విగ్రహం ఉంది. కోట నుంచి నడిచి వెళ్లొచ్చు.

అపోహ: సెకిగహరలో పొలాలు తప్ప ఏమీ లేవు.

సిరీస్ యుద్ధం ముంగిట ఆగిపోతుంది కాబట్టి చాలామంది ఈ ఊరిని వదిలేస్తారు. మా లెక్కలో ఒక్క చోటే చూసే వీలుంటే చూడాల్సింది ఇదే. 1600 అక్టోబరు 21న ఇయెయాసు పక్షానికీ, ఇషిదా మిత్సునారి పక్షానికీ ఇక్కడ జరిగిన యుద్ధంలో దేశం ఎవరిదో సగం రోజులో తేలిపోయింది. మైదానం ఇప్పటికీ పెద్దగా మారలేదు.

ముందు స్టేషన్‌కు పది నిమిషాల దూరంలోని యుద్ధ మ్యూజియానికి వెళ్లి, పై అంతస్తు అద్దాల్లోంచి కొండలన్నీ గుర్తుపట్టండి. ఈ పని చేయకపోతే తర్వాత చూసే ప్రతి శిబిరమూ జెండాలు పాతిన మట్టిదిబ్బలానే ఉంటుంది. తర్వాత అద్దె సైకిల్ మీద ఇషిదా మిత్సునారి శిబిరం ససావోయామా. పైకి ఎక్కి దక్షిణానికి చూస్తే మత్సువో కొండ కనిపిస్తుంది. మిత్సునారి పక్షాన వచ్చిన ప్రభువు కొబయకావా హిదెఅకి పదిహేను వేలమందితో కూర్చుని, చివరికి ఆ పక్షం మీదికే దిగింది ఆ కొండ నుంచే. 293 మీటర్ల ఎత్తు, పైకి నడవడానికే నలభై నిమిషాలు. ఎలుగుబంట్ల హెచ్చరికలున్నాయేమో ముందే అడగండి.

బుల్లెట్ ట్రైన్ ఇక్కడ ఆగదు. మైబారాలో దిగి లోకల్ ఎక్కాలి, ఇరవై నిమిషాలు. బుల్లెట్ ట్రైన్లలో నొజోమి అనేది మైబారాలో కూడా ఆగదు, హికారి గానీ కొదామా గానీ చూసుకోండి. క్యోటో నుంచి లోకల్ రైళ్లలో వచ్చేవాళ్లు కాగితం టికెట్టే కొనాలి. మైబారా దగ్గర జేఆర్ వెస్ట్ అనే రైల్వే కంపెనీ పరిధి అయిపోయి జేఆర్ సెంట్రల్ కంపెనీది మొదలవుతుంది కనుక, ఐసీ కార్డుతో (ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించే కార్డు) ఎక్కినవాళ్లకు దిగేచోట గేటు తెరుచుకోదు. సోమవారం మ్యూజియానికి సెలవు. జనవరి, ఫిబ్రవరిల్లో ఇక్కడ మంచు పడితే బుల్లెట్ ట్రైన్లే నెమ్మదిస్తాయి.

అపోహ: అసలైన పాత కోటలు మిగల్లేదు.

పాత బురుజులు పన్నెండు మిగిలాయి. ఈ దారిలో తగిలేది హికోనె, మైబారాకు ఒక్క స్టేషన్. మెట్లు 62 డిగ్రీల వాలు, లిఫ్టు లేదు, చెప్పులు సంచిలో వేసుకుని చేత్తో పట్టుకోవాలి. చీరకట్టుతో, మోకాళ్ల నొప్పులతో ఎక్కే మెట్లు కావు. ఒట్టి మేజోళ్లతో జారతాయి కూడా. ఆ పక్కనున్న సవాయామా కొండ మీద మిత్సునారి కోట ఉండేది. గెలిచినవాళ్లు దాన్ని విప్పేశారు, ఒకటీ అరా గోడరాయి తప్ప ఏమీ లేదు.

అపోహ: ఎడో (టోక్యో పాత పేరు) కోట బురుజు యుద్ధాల్లో పోయింది.

1657 అగ్నిప్రమాదంలో పోయింది. పునాది మళ్లీ కట్టారు, పైన బురుజు కట్టలేదు. టోక్యో రాజప్రాసాదం తూర్పు తోటలో ఉచితంగా చూడొచ్చు. సోమ, శుక్రవారాలు మూసేస్తారు.

అపోహ: ఆడమ్స్ సమాధి యొకొసుకాలో ఉంది.

అక్కడ అంజిన్‌జుకా స్టేషన్ దగ్గరి కొండమీద ఉన్నవి ఆడమ్స్ పేరిట ఒకటి, ఆయన భార్య పేరిట ఒకటి నిలిపిన రెండు రాతి స్తూపాలు. ఆయన 1620లో చనిపోయింది క్యూషూ పక్కనున్న హిరాదో దీవిలో. సమాధి గుర్తూ అక్కడుంది. రైలు తబిరా-హిరాదోగుచి దాకే, అక్కణ్ణుంచి వంతెన మీదుగా బస్సు. మనవాళ్లకు ఓ ఆసక్తి: 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టిన ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీయే 1613లో హిరాదోలో కొట్టు తెరిచింది, ఆడమ్స్ అందులో పనిచేశాడు. ఊళ్లో కనిపించే తెల్లటి డచ్చి గిడ్డంగి మాత్రం 2011లో తిరిగి కట్టింది. 1639 నాటి అసలు గిడ్డంగి మీద క్రీస్తు శకం ఏడాది చెక్కారన్న కారణం చూపి, 1640లోనే షోగన్ ప్రభుత్వం కూలగొట్టించింది. పాతవి చూడాలంటే రేవు మెట్లు, డచ్చి గోడ ఉన్నాయి.