ఫ్లూ మాత్ర పల్లెకి చేరడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది

వానలు పడి జరాలు మొదలైతే మా కర్నూలు పల్లెల్లో ఎవరైనా ముందు పోయేది ఆర్ఎంపీ దగ్గరికే. ఒక సూది, కాగితంలో చుట్టిచ్చిన నాలుగు రంగుల మాత్రలు, అందులో ఒకటి యాంటీబయాటిక్, నీరసం అంటే సెలైన్ కూడా. ఫ్లూ వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఫ్లూకి మందు వేరే ఉంది, జరం మొదలైన 48 గంటల్లోపు పడితేనే అది బాగా పనిచేస్తుంది, ఈ మాట మాత్రం ఊళ్ళలో చాలామందికి చెప్పినవాళ్ళే లేరు.

1918లో ఈ జబ్బు బొంబాయి రేవులో దిగినప్పుడు మందూ లేదు, టీకా లేదు, మనుషుల్లో ఫ్లూ వైరస్‌ని వేరుచేసిందే 1933లో, లండన్‌లో. ఆ ఏడు వానలు కూడా ఎగ్గొట్టాయి, తిండి లేని ఒళ్ళ మీద జరం పడింది, దేశం మొత్తంలో కోటి మందికి పైనే పోయారని అంచనా. 1957లో మళ్ళీ వచ్చింది, ఈసారి మద్రాసు రేవు నుంచి.

ఫ్లూ మీద పనిచేసే ఆ మందు, ఒసెల్టామివిర్ అనే మాత్ర, 1999లో అమెరికాలో వచ్చింది కానీ మనవాళ్ళు దాని పేరు విన్నది 2009లో, స్వైన్ ఫ్లూ వచ్చాకే. దేశంలో మొదటి కేసు హైదరాబాద్‌లోనే తేలింది, మే నెలలో. జనం ఎగబడి కొని దాచుకుంటారని, అరకొరగా మింగితే వైరస్ మొండికేస్తుందని దాన్ని షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే గట్టి ఆంక్షలతో అమ్మే మందుల జాబితాలో పెట్టారు, ఆ భయంలో అర్థం ఉంది. కానీ షెడ్యూల్ ఎక్స్ అంటే షాపుకి విడిగా లైసెన్సు కావాలి, చీటీ రెండు కాపీలు రాయాలి, అందులో ఒక కాపీని షాపువాళ్ళు రెండేళ్ళ పాటు దాచాలి, మండలంలో ఉండే చిన్న మెడికల్ షాపు ఇదంతా ఎందుకు పెట్టుకుంటుంది? హొళగుంద మనిషి ఆర్ఎంపీ దగ్గర రెండు రోజులు, ఆదోనిలో ఇంకో రోజు చూపించుకుని కర్నూలు పెద్దాసుపత్రికి చేరేసరికి ఆ 48 గంటలు ఎప్పుడో దాటిపోయేవి.

నాకు బాధేసేది ఏందంటే, దారి అప్పుడే రాసిపెట్టి ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ పేషెంట్లని ఏ, బీ, సీ అని విడదీసింది. ఏ అంటే మామూలు జరం దగ్గు, పారాసిటమాల్ ఇచ్చి ఇంట్లోనే ఉంచి ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ చూడాలి. బీ అంటే జరం, గొంతు నొప్పి గట్టిగా ఉన్నవాళ్ళు, లేదంటే గర్భిణులు, ఐదేళ్ళలోపు పిల్లలు, 65 దాటిన పెద్దోళ్ళు, షుగరు, ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, వీళ్ళకి టెస్టు కూడా అక్కర్లేదు, మాత్ర మొదలుపెట్టొచ్చు, పెద్దవాళ్ళకి 75 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకి రెండు, ఐదు రోజులు. ఊపిరాడకపోవడం, గుండెలో నొప్పి, మత్తుగా పడి ఉండడం, గోళ్ళు నీలమెక్కడం, ఇది సీ, వెంటనే పెద్దాసుపత్రి. సీ తప్ప మిగతాదంతా పీహెచ్‌సీ డాక్టరు చేసుకోగలిగిన పనే.

2010 ఆగస్టులో పాండమిక్ అయిపోయిందన్నారు, ఆ వైరసేమో ఏటా తిరిగే మామూలు ఫ్లూలో కలిసిపోయింది. మాత్రని షెడ్యూల్ ఎక్స్ నుంచి హెచ్1కి మార్చింది 2017లో. అంటే ఇప్పుడు డాక్టరు చీటీ ఉంటే మామూలు మెడికల్ షాపులోనే అమ్మొచ్చు, అయినా అలవాటు మాత్రం పాతదే నడుస్తోంది.

ఇక టీకా. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి డబ్ల్యూహెచ్ఓ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబరులో, ఏ రకాలు కలపాలో చెప్తుంది, అందుకే ఏటా కొత్తగా వేయించుకోవాలి. గర్భిణులకి చాలా మంచిది, పుట్టిన బిడ్డకి మొదటి నెలల్లో కాపు కాసేది కూడా అదే, ఎందుకంటే ఆరు నెలల్లోపు పిల్లలకి ఫ్లూ టీకా వేయరు. కానీ జాతీయ టీకాల పట్టికలో అది లేదు, ప్రైవేటులో డబ్బు పెట్టి వేయించుకోవాల్సిందే, కాబట్టి గర్భిణికి టీడీ సూది వేసే మన ఏఎన్ఎం అక్క ఐస్ బాక్సులో ఫ్లూ టీకా ఉండదు.